పుట్టిన పాప పాపి ఎలా అవుతుంది? ఆదికాండం మూడో అధ్యాయం మీద ఒక జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది హిందూ కుటుంబం, మీ భార్య వాళ్లు క్రైస్తవులు. మూడు నెలల పాపను ఎత్తుకుని మొదటిసారి వాళ్లతో ఆదివారం ఆరాధనకు వెళ్తే, ప్రసంగంలో పాస్టరు గారు "ఈ పసిబిడ్డ కూడా పాపంలోనే పుట్టింది" అన్నారు. మీకు మింగుడుపడలేదు. "ఎవడో పండు తింటే నా కూతురికి శిక్షేమిటి? పండు అంటే అసలు శృంగారమేనటగా? అయినా అన్నిటికీ ఆడదాన్నే అనడమేమిటి? మా కర్మ సిద్ధాంతంలో కనీసం ఎవరు చేసింది వాళ్లే అనుభవిస్తారు" అని రాశారు.

పాస్టర్లు కాబోయే పిల్లలకు నేను దాదాపు ముప్పై ఏళ్లు పాత నిబంధన, అంటే బైబిల్ తొలి భాగం, చెప్పాను. బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలో ఆదాము హవ్వలు వద్దన్న పండు తిన్న ఈ మూడో అధ్యాయాన్ని ఏటా హీబ్రూలో వాళ్లతో పాటు నేనూ మళ్లీ చదివేవాణ్ని. ఇరవై నాలుగు వచనాలే. అయినా ఏ ఏడూ రెండు వారాల్లో పూర్తయింది లేదు. మీ కోపం న్యాయమైనదే, కాకపోతే అందులో సగం ఆదికాండం మీద పడాల్సింది కాదు. ఆ కథ మీద చాలా శతాబ్దాల తర్వాత లేచిన మేడ మీద పడాల్సింది. ముందు కింద పునాది చూద్దాం, తర్వాత మేడ ఎక్కుదాం.

మూడో అధ్యాయం మొత్తంలో "పాపం" అన్న మాటే లేదు. తరగతిలో ఈ మాట చెప్తే పిల్లలు నమ్మేవారు కాదు, గబగబా పేజీలు తిప్పేవారు. ఆ మాట బైబిల్లో మొదటిసారి వచ్చేది నాలుగో అధ్యాయం ఏడో వచనంలో, తమ్ముణ్ణి చంపబోతున్న కయీనుతో (ఆదాము హవ్వల పెద్దకొడుకు) దేవుడు మాట్లాడేటప్పుడు: "వాకిట పాపము పొంచియుండును." మూడో అధ్యాయంలో సాతాను కూడా లేడు. ఉన్నది సర్పం, అదీ దేవుడు చేసిన భూజంతువుల్లో ఒకటని మొదటి వచనమే చెబుతుంది. సర్పమే సాతాను అన్న ముడి తర్వాత పడింది. క్రీస్తుకు కాస్త ముందు కాలపు యూదుల రాతల్లో "అపవాది అసూయ వల్ల మరణం లోకంలోకి వచ్చింది" అన్న మాట కనిపిస్తుంది, బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 12:9 "ఆది సర్పము" అని తేల్చేసింది. ఇక యాపిల్ సంగతి సరేసరి. మా సండే స్కూల్లో గోడకు తగిలించిన బొమ్మలో హవ్వ చేతిలో ఎర్రటి యాపిల్ ఉండేది. మా ఊళ్లో మేం ఎరిగినవి జామకాయ, సీమచింతకాయ, తాటిముంజె. యాపిల్ కనీసం కంటితో చూడలేదు కాబట్టి తినకూడని పండంటే అదేనని గట్టిగా నమ్మాం. హీబ్రూలో ఉన్న మాట ఉత్త "పండు." యూదు మతగురువులైన రబ్బీలు ద్రాక్ష అన్నారు, అంజూరం అన్నారు, గోధుమ అని కూడా అన్నారు. లాటిన్‌లో "చెడు"కూ "యాపిల్"కూ మాట దాదాపు ఒకటే కావడం వల్ల యాపిల్ వచ్చిందని చాలామంది చెబుతారు. ఫ్రెంచిలో ఏ పండుకైనా చెల్లే మాట కాలక్రమంలో యాపిల్‌కే మిగలడం వల్ల అని వాదించేవాళ్లూ ఉన్నారు. రోములో సిస్టీన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలో గీసింది మాత్రం అంజూరపు చెట్టు.

సరే, మరి అక్కడ జరిగిందేమిటి? నన్నడిగితే ఆ కథకు ఆయువుపట్టు పండులో లేదు, సర్పం వేసిన మొదటి ప్రశ్నలో ఉంది. రెండో అధ్యాయంలో దేవుడు చెప్పింది ఇది: తోటలో ఉన్న ప్రతి చెట్టు పండూ "నిరభ్యంతరముగా" తినవచ్చు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మంచి చెడ్డల తెలివినిచ్చే చెట్టు. సర్పం దాన్ని ఎలా తిప్పిందో చూడండి: "ఈ తోట చెట్లలో దేని ఫలములనైనను మీరు తినకూడదని దేవుడు చెప్పెనా?" మన వాడుకలో చెప్పాలంటే, "ఏదీ తినొద్దన్నాడటగా!" ఆ "అటగా"లోనే ఉంది విషమంతా. అత్తాకోడళ్ల మధ్య తంపులు పెట్టే పక్కింటావిడ అబద్ధం చెప్పదు. ఊరికే అడుగుతుంది, అంతే. ఆ స్త్రీ దాన్ని సరిదిద్దుతూనే ఓ మాట ఎక్కువ చేర్చింది, ఆ చెట్టు పండును "ముట్టకూడదు" అని కూడా. దేవుడు ముట్టుకోవద్దనలేదు. ఇచ్చింది తోటంతా, ఆపింది ఒక్క చెట్టు. రెండు వాక్యాలు గడిచేసరికి ఆమె కంటికి ఆ ఒక్క చెట్టే ఆనుతోంది.

ఇక్కడ హీబ్రూలో ఒక మాటల ఆట ఉంది, తెలుగులోకి రాలేదు. రెండో అధ్యాయం ఆఖరి వచనంలో వాళ్లిద్దరూ "అరుమ్మీమ్," అంటే దిగంబరులు. ఆ వెంటనే మూడో అధ్యాయం మొదట్లో సర్పం "అరూమ్," అంటే యుక్తిగలది. చెవికి రెండూ ఒకటే. వినేవాడికి అక్కడే తెలిసిపోతుంది, దాచుకోవడం తెలియనివాళ్ల దగ్గరికి దాచడం తప్ప ఏమీ తెలియనిది వచ్చిందని. వాళ్లు తిన్నాక కళ్లు తెరుచుకున్నాయి. తెలివి వస్తుందని తిన్నారు, తెలిసింది మాత్రం తాము బట్టల్లేకుండా ఉన్నామని.

"మంచి చెడ్డల తెలివి" అంటే ఏమిటన్నది పెద్ద చర్చ. శృంగార జ్ఞానం అన్నవాళ్లు పాతరోజుల్లోనూ ఉన్నారు. అది నిలవదు. "ఫలించి అభివృద్ధి పొందుడి" అన్న దీవెన మొదటి అధ్యాయంలోనే ఉంది, భార్యాభర్తలు ఏకశరీరమవుతారన్నది రెండో అధ్యాయంలో ఉంది. పండు ఆ తర్వాతి సంగతి. బైబిల్ ఆ మాటను వేరే చోట్ల ఎలా వాడిందో చూడాలి. ద్వితీయోపదేశకాండం 1:39లో మంచి చెడ్డలు ఎరగనివాళ్లు చిన్నపిల్లలు. రాజుల మొదటి గ్రంథం 3:9లో రాజైన సొలొమోను ప్రజలకు న్యాయం తీర్చడానికి మంచి చెడ్డలు వివేచించే హృదయం కావాలని అడుగుతాడు, దేవుడు సంతోషించి ఇస్తాడు. అంటే ఆ తెలివి చెడ్డదేమీ కాదు. ఏది మంచో ఏది చెడో తీర్పు చెప్పే పెద్దరికం అది. సొలొమోను అడిగి పుచ్చుకున్నాడు, వీళ్లు చెయ్యి చాచి తెంపుకున్నారు. నేను ఈ కథను చదివే తీరు ఇదే: తప్పు తెలుసుకోవడంలో లేదు, ఇచ్చినవాడి మీద అనుమానంతో ఆ పెద్దరికాన్ని తామే లాక్కోవడంలో ఉంది. రెండో శతాబ్దంలో లియోన్ నగరపు బిషప్పు ఇరేనియస్ ఆదాము హవ్వల్ని పసిపిల్లల్లా చూశాడు, ఎదగాల్సినవాళ్లు తొందరపడ్డారని. నాకు ఆ చూపు దగ్గరగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఆడదాని సంగతి. దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన తెలుగు అనువాదమే ఇక్కడ తెలియకుండా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. రెండో అధ్యాయంలో ఆజ్ఞ ఏకవచనంలో ఉంది, "నీవు తినకూడదు" అని. అప్పటికి స్త్రీ ఇంకా పుట్టలేదు, విన్నది ఆదాము ఒక్కడే. సర్పం మాట్లాడేటప్పుడు క్రియలన్నీ బహువచనం: "మీరు చావనే చావరు." తెలుగు చదివేవాడికి ఆ "మీరు" మర్యాద కోసం అన్నట్టు వినిపిస్తుంది, పాము అమ్మగారితో వినయంగా మాట్లాడుతోందనుకుంటాం. హీబ్రూలో మర్యాదకు బహువచనం వాడరు. అది నిజంగా ఇద్దరితో మాట్లాడుతున్న మాట. ఆరో వచనంలో అది ఖాయమవుతుంది. హీబ్రూలో "ఇమ్మాహ్" అనే చిన్న మాట ఉంది, "ఆమెతో ఉన్న" అని. ఆమె తనతో ఉన్న తన భర్తకు ఇచ్చింది. మన పాత అనువాదంలో అది "తనతోపాటు తన భర్తకును ఇచ్చెను" అయింది. అది చదివితే తను తిని, ఆ తర్వాత ఆయన ఎక్కడో ఉంటే తీసుకెళ్లి పెట్టిందన్నట్టుంటుంది. లాటిన్‌లోకి మార్చిన జెరోము అయితే ఆ మాటను పూర్తిగా వదిలేశాడు. ఆదాము పొలం పనికి వెళ్లినప్పుడు హవ్వ ఒంటరిగా మోసపోయిందని మీరు విన్న ప్రసంగాలన్నిటికీ ఈ చిన్న మాట అడ్డం. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆజ్ఞ విన్నవాడు నోరు మెదపలేదు.

దేవుడు అడిగినప్పుడు నోరు బాగానే లేచింది: "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే..." ఒకే దెబ్బతో భార్యనూ దేవుణ్ణీ ఇద్దరినీ బోనులో నిలబెట్టాడు. ఒకసారి ఈ వచనం చదువుతుంటే తరగతిలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "మా ఆయనండీ బాబూ!" అంది. ఆ రోజు ఇక పాఠం సాగలేదు.

పదహారో వచనం, "వేదనతో పిల్లలను కందువు," చేసిన హాని నేను కళ్లారా చూశాను. మా బంధువులమ్మాయి పురిటి నొప్పులు పడుతుంటే, ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక పెద్దాయన "ఇది హవ్వ శాపం, ఓర్చుకోవాలమ్మా" అని మత్తుమందు వద్దని ఇంట్లోవాళ్లకు చెప్పబోయాడు. డాక్టరమ్మ ఆయన్ని బయటికి పంపేసింది, మంచి పని చేసింది. ఇది కొత్త గొడవ కాదు. 1847లో ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ సింప్సన్ కాన్పుల్లో క్లోరోఫాం వాడటం మొదలుపెట్టి, మతపరమైన అభ్యంతరాలకు జవాబుగా ఒక కరపత్రమే రాయాల్సి వచ్చింది. ఆ వచనంలోని హీబ్రూ మాటకు శ్రమ అనే అర్థం ఉందన్నాడు. స్త్రీని చేయడానికి ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడు గాఢనిద్ర కలిగించలేదా అని కూడా అడిగాడు. ఆయన మాటలో పస ఉంది. పదహారో వచనంలో స్త్రీకి చెప్పిన "ప్రయాసము," పదిహేడో వచనంలో పురుషుడికి చెప్పిన "ప్రయాసము" హీబ్రూలో ఒకే మాట, "ఇత్సావోన్." పురుషుడికి నేల ముళ్లతుప్పలు మొలిపిస్తుందని కూడా చెప్పాడు, అయినా వాటిని పీకేయడానికి ట్రాక్టరు తోలే రైతును ఎవరూ శాపాన్ని ధిక్కరించావని అనరు కదా. అదీకాక అక్కడ "శపింపబడిన" అన్న మాట సర్పానికీ నేలకూ మాత్రమే వాడారు. స్త్రీనిగానీ పురుషుణ్ణిగానీ శపించినట్టు ఆ అధ్యాయంలో లేదు.

"నీ భర్తయెడల నీకు వాంఛ కలుగును, అతడు నిన్ను ఏలును" అన్నదాన్ని ఆజ్ఞగా చదివేవాళ్లు ఇందాకటి కయీను వచనం పక్కన పెట్టుకుని చదవాలి: "నీ యెడల దానికి వాంఛ కలుగును, నీవు దానిని ఏలుదువు." అవే రెండు మాటలు. ఈసారి మన తెలుగు అనువాదకులు ఆ జంటను చక్కగా నిలబెట్టారు. అవి రెండూ పెనుగులాట మాటలు. భార్యాభర్తల మధ్య ఇక పెనుగులాట మొదలవుతుందని చెప్పడం వేరు, అలా ఉండాలని చెప్పడం వేరు.

ఇక మేడ ఎక్కుదాం, అంటే మీ పాప సంగతికి వద్దాం.

హీబ్రూ బైబిల్లో ఈ కథ తర్వాత, హోషేయ 6:7, యోబు 31:33ల్లో సందిగ్ధమైన మాటలు తప్ప, ఆదాము చేసిన తప్పును మళ్లీ ఎవరూ తలవరు. పైగా యెహెజ్కేలు 18వ అధ్యాయంలో జనం ఒక సామెత పట్టుకుని ఏడుస్తుంటారు, "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అని. ఆ సామెత ఇకమీదట మీ నోట రాకూడదు, పాపం చేసినవాడే చస్తాడు, తండ్రి దోషం కొడుకు మొయ్యడు అంటాడు ప్రవక్త. మీరు కర్మ గురించి వేసిన చురక ఆయన ఎప్పుడో వేసేశాడన్నమాట. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలాక యూదులు ఈ ప్రశ్నను మళ్లీ తవ్వారు. ఆ రోజుల రాతల్లో ఒకటి "ఓ ఆదామా, ఎంత పని చేశావు, ఆ పతనం నీ ఒక్కడిదీ కాదు" అని విలపిస్తే, ఇంచుమించు అదే కాలపు ఇంకొకటి మనలో ప్రతివాడూ తనకు తానే ఆదాము అయ్యాడంది. యూదు సంప్రదాయం మొత్తమ్మీద రెండోదాని వైపు నడిచింది. మనిషిలో చెడు వైపు లాగే తత్వం ఉంది, దాన్ని అదుపులో పెట్టుకునే బాధ్యతా ఉంది, అంతేగానీ పుట్టుకతో నేరస్తుడు కాదు. ఖురాన్‌లో కూడా ఆదాము, ఆయన భార్య ఇద్దరూ జారారు, పశ్చాత్తాపపడ్డారు, క్షమాపణ పొందారు. అక్కడితో ఆ లెక్క సరి.

క్రైస్తవుల్లో ఆదామును మళ్లీ మధ్యలోకి తెచ్చింది తొలి తరం బోధకుడు పౌలు, రోములోని క్రైస్తవులకు రాసిన ఉత్తరంలో, అంటే రోమా పత్రిక 5:12లో. తెలుగులో ఆ వచనం చివర ఇలా ఉంది: "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను." గ్రీకుకు ఇది సరైన అర్థమనే ఎక్కువమంది పండితుల మాట. పాత లాటిన్‌లో మాత్రం ఆ "చేసినందున" ఉన్న చోట "అతనియందు" అని చదవగలిగే మాట పడింది, అంటే ఆదాములో అందరూ పాపం చేశారని. ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియా తీరంలో హిప్పో బిషప్పుగా ఉన్న అగస్టీను (354–430) చదివింది ఆ లాటిన్. గ్రీకులో ఆయనకు అంత పట్టు లేదు. మనిషి తన సత్తాతోనే మంచివాడు కాగలడని చెప్పిన పెలాగియస్‌తో వాదిస్తూ, మానవజాతి మొత్తం ఆదాము నడుములో ఉండగానే పాపం చేసిందనీ, ఆ దోషం సంతానం ద్వారా పాకుతుందనీ, బాప్తిస్మం లేని పసిబిడ్డకు కూడా శిక్ష ఉందనీ, కాకపోతే అది అన్నిటికన్నా తేలికైన శిక్ష అనీ అనేదాకా వెళ్లాడు. 418లో కార్తేజ్‌లో కూడిన బిషప్పుల సభ ఆయన పక్షాన నిలిచింది. 1546లో రోమన్ కథోలికుల ట్రెంట్ సభ "అనుకరణ వల్ల కాదు, సంక్రమణ వల్ల" అని ముద్ర వేసింది. ప్రొటెస్టెంట్ ఉద్యమం నడిపిన లూథరు, కాల్విను రోమన్ కథోలిక సంఘంతో ఎన్నిటిలో విడిపోయినా ఇందులో అగస్టీనుతోనే ఉన్నారు. మీరు ఆదివారం విన్న వాక్యం ఆ దారి వెంట మీ ఊరిదాకా వచ్చింది. ఒక్క అనువాదపు పొరపాటు వల్లే ఇదంతా జరిగిందని అనడం తేలిక, నేను అనను. మనిషి ఎందుకు తెలిసీ తెలిసీ గోతిలో పడతాడన్నది అగస్టీను తన ఒంటి మీద అనుభవించిన ప్రశ్న. ప్రశ్న గొప్పది. జవాబును పసిపిల్లల నెత్తిన పెట్టిన చోట ఆయనతో నాకు పేచీ.

గ్రీకులోనే చదువుకున్న తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలవాళ్లు అంత దూరం వెళ్లలేదు. ఆదాము నుంచి మనకు వచ్చింది మరణం, బలహీనత, అంతేగానీ ఆయన నేరం కాదంటారు. తాగుబోతు ఇంట్లో పుట్టిన బిడ్డ చుక్క ముట్టి ఎరగదు. అయినా ఆ ఇంటి అప్పులు, అరుపులు, భయం దాని పెంపకంలోకి వస్తాయి. నాకు ఈ మాట నమ్మబుద్ధవుతుంది. రోమన్ కథోలికులు కూడా 1992 నాటి తమ ధర్మోపదేశ గ్రంథంలో ఇది ఆదాము సంతానంలో ఎవరికీ వ్యక్తిగత దోషం కాదని స్పష్టంగా రాశారు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డల రక్షణ మీద ఆశ పెట్టుకోవచ్చని 2007లో వాళ్ల దైవశాస్త్ర సంఘం ఒక పత్రమే వెలువరించింది.

మన భాషతో ఒక చిక్కుంది. దీనికి తెలుగులో స్థిరపడిన మాట "జన్మపాపం." ప్రసంగాల్లో "జన్మ పాపం, కర్మ పాపం" అని జంటగా వాడతారు. రెండోది మనం చేతులారా చేసేది. జన్మ, కర్మ అనగానే మన చెవికి పూర్వజన్మ వినిపిస్తుంది, మీకూ అలాగే వినిపించి ఉంటుంది. క్రైస్తవంలో పూర్వజన్మ లేదు కాబట్టి పోలిక కుదరదు. అదీగాక కర్మ సిద్ధాంతంలో కూడా మూడు నెలల పాప తనకు జ్ఞాపకం లేనిదాన్ని అనుభవిస్తూనే ఉంటుంది కదండీ, ఆ ప్రశ్న మీ వైపు కూడా తెగలేదు. "అయ్యో పాపం" అన్నప్పుడు మాత్రం మన తెలుగులో ఆ మాటకు జాలి అనే అర్థం. ఆ పాస్టరు గారు ఆ అర్థంలో అని ఉంటే మీరు కూడా ఆమెన్ అనేవారేమో.

అధ్యాయం చివర్లో ఒక వచనం ఉంది, ఇరవై ఒకటోది. తిను దినమున చస్తారని రెండో అధ్యాయంలో దేవుడన్నాడు, వాళ్లు ఆ రోజు చావలేదు. ఐదో అధ్యాయం ప్రకారం ఆదాము 930 ఏళ్లు బతికాడు. తోటలోంచి పంపేయబోతూ దేవుడు చేసిన పని, వాళ్లు తొందరలో కుట్టుకున్న అంజూరపు ఆకుల బదులు "చర్మపు చొక్కాయిలు" చేయించి "వారికి తొడిగించెను." ఇంట్లోంచి పంపేసే తండ్రి, గుమ్మం దగ్గర ఆపి చలికి చొక్కా గుండీలు పెట్టినట్టుంటుంది నాకు.

బాప్తిస్మం ఇప్పించాలా వద్దా అని కూడా ఆఖర్న అడిగారు. మీ భార్య వాళ్లది ఏ సంఘమో రాయలేదు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, కథోలిక సంఘాల్లో పసిబిడ్డకు ఇస్తారు. బాప్టిస్టులు, పెంతెకొస్తులు, బ్రదరన్‌వాళ్లు పెద్దయి తానే ఒప్పుకున్నాక ఇస్తారు, పసిబిడ్డనైతే ప్రతిష్ఠ ప్రార్థన చేసి దీవిస్తారు. ఆ పాస్టరు గారి దగ్గరికి ఒకసారి వెళ్లండి, పోట్లాటకు కాదు. రోమా 5:12 తెరిచి "చేసినందున" అన్న చోట వేలు పెట్టి, మా పాప ఇంకా ఏమి చేసిందండీ అని అడగండి. ఆయన ఏమన్నారో రాస్తే అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.